నెల్లూరు, ఒంగోలు వాళ్ళు ఐస్‌లాండ్ దక్షిణ తీరం కారులో చుట్టి రావడం ఎలా

ఇప్పుడు మన జిల్లాల్లో ఏ వీధిలో చూసినా పిల్లలు బయటి దేశాల్లో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. అమ్మానాన్న కావలిలోనో ఒంగోలులోనో ఉంటారు, కొడుకు బోస్టన్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటాడు. ఎండాకాలంలో అందరూ కలిసి ఒక వారం ఎక్కడికైనా వెళ్దామనుకుంటే ఈ మధ్య ఐస్‌లాండ్ పేరు బాగా వినిపిస్తోంది. అమెరికా పిల్లలకూ ఇక్కడి పెద్దలకూ మధ్యలో ఉంటుంది. సముద్రం, మంచు, ఊళ్ళు అన్నీ ఒకే రోడ్డు మీద దొరుకుతాయి. ఇది అలాంటి కుటుంబం కోసం రాస్తున్నాను: నలుగురైదుగురు మనుషులు, ఒక కారు, వారం రోజులు, ఎన్‌హెచ్ 16 మీద చెయ్యి తిరిగిన డ్రైవర్లు ఒకరిద్దరు.

ముందే ఒక మాట. ఆ దేశాన్ని చుట్టివచ్చే రింగ్ రోడ్డు 1,322 కిలోమీటర్లు. ‘రోజుకు రెండొందలు, ఏముంది, వారంలో కొట్టేయొచ్చు’ అని మనవాళ్ళు ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. రాజధాని రెయ్‌క్యావిక్ నుంచి దక్షిణ తీరం వెంట హోఫ్న్ అనే ఊరి దాకా వెళ్ళి, అదే దారిన వెనక్కి రండి. ఒక వైపు సుమారు 460 కిలోమీటర్లు, దాదాపు చెన్నై నుంచి విజయవాడ అంత దూరం. హిమానీనదాలు (నెమ్మదిగా కిందికి జారే మంచు ప్రవాహాలు), జలపాతాలు, నల్ల ఇసుక తీరాలు చాలావరకు ఈ ముక్కలోనే ఉన్నాయి. అదే దారిన తిరిగి రావడంలో ఇంకో లాభం ఉంది. పోయేటప్పుడు వానకో గాలికో వదిలేసిన చోటు వచ్చేటప్పుడు చూడొచ్చు. రింగ్ చుట్టేవాళ్ళకు ఆ రెండో అవకాశం ఉండదు. పోయింది పోయినట్టే.

1. ఏ నెలలో వెళ్ళాలో తేల్చుకోండి

తొలిసారి అయితే జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా. ఇక్కడ రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతుంటే, అక్కడ స్వెట్టర్ మీద రెయిన్‌కోటు వేసుకుని తిరగాలి. జులైలో కూడా పగలు 10 నుంచి 14 డిగ్రీలు ఉంటే మంచి రోజు కిందే లెక్క. జూన్‌లో చీకటి పడదు. సూర్యుడు అర్ధరాత్రి అయ్యాక దిగి, తెల్లవారుజామున మూడింటికే వచ్చేస్తాడు. పెద్దవాళ్ళకు నిద్ర పట్టదు కాబట్టి కళ్ళకు కట్టుకునే గుడ్డ మనిషికొకటి సంచిలో పెట్టండి. బడులు తెరవకముందే రావాలనుకుంటే జూన్ మొదటి పది రోజులు బాగుంటాయి.

‘ఆకాశంలో ఆ పచ్చ వెలుగులు చూడొద్దా’ అని పిల్లలు అడుగుతారు. అరోరా కనిపించాలంటే చీకటి కావాలి, అంటే ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకానే. సహజంగా ఏర్పడిన మంచు గుహలు కూడా నవంబరు నుంచి మార్చి దాకానే. అయితే సంక్రాంతి సెలవుల్లో వెళ్తే పగలు ఐదు గంటల చిల్లర, రోడ్డు మీద గడ్డకట్టిన మంచు. మంచు రోడ్డు మీద ఎప్పుడూ నడపని వాళ్ళు అప్పుడు కారు అద్దెకు తీసుకోకూడదని నా అభిప్రాయం. చలికాలమే కావాలంటే రెయ్‌క్యావిక్‌లో ఉండి టూర్ బస్సుల్లో తిరగండి.

2. కాగితాలు

ఐస్‌లాండ్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. మీ పాస్‌పోర్టులో పదేళ్ళ అమెరికా వీసా ఉన్నా ఇక్కడ పనికిరాదు, విడిగా షెంగెన్ వీసా తీసుకోవాలి. పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. వేసవిలో స్లాట్ల కోసం కొట్లాట ఉంటుంది కనుక ఉగాది నాటికే పని మొదలుపెట్టండి. అపాయింట్‌మెంట్ చెన్నైలో దొరికితే మనకు సులువు, లేకుంటే హైదరాబాద్. హోటళ్ళు రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి, వీసా ఆలస్యమైతే డబ్బు ఇరుక్కోదు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీ ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు. పరివాహన్ సైట్‌లో దరఖాస్తు, ఫీజు వెయ్యి రూపాయలు, చెల్లుబాటు ఏడాది. మన లైసెన్స్ కార్డు ఇంగ్లీషులోనే ఉంది కదా అని కొందరు వదిలేస్తారు. కౌంటర్లో ఉన్న మనిషి అడిగితే అక్కడ వాదించలేం, తీసుకెళ్ళండి. ఒరిజినల్ లైసెన్స్ కూడా ఉండాలి. పర్మిట్ ఒక్కటే చూపిస్తే చెల్లదు.

ఇక డబ్బు. అక్కడ ఫోన్‌పే లేదు, నోట్లతో పనీ లేదు. టీ నుంచి టాయిలెట్ దాకా అన్నిటికీ కార్డే. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు పెట్టుకోండి. బయల్దేరే ముందే యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, నాలుగంకెల పిన్ ఒకసారి ఇక్కడే వాడి చూడండి. చాలా పెట్రోల్ బంకుల్లో మనుషులుండరు. మిషన్లో కార్డు పెట్టి పిన్ కొడితేనే పెట్రోల్ వస్తుంది. ‘ఫుల్ ట్యాంక్’ నొక్కితే ముందుగా పెద్ద మొత్తాన్ని కార్డులో బ్లాక్ చేస్తుంది, ఇంత మొత్తానికి అని ఎంచుకోవడం మేలు.

3. కారు

వేసవిలో రింగ్ రోడ్డు మీద మామూలు కారు చాలు. ఫోర్‌వీల్ డ్రైవ్ తీసుకుంటే మంచిదే గానీ తప్పనిసరి కాదు. మ్యాపులో ‘ఎఫ్’ అనే అక్షరంతో మొదలయ్యే కొండ దారుల్లోకి మాత్రం మామూలు కారుతో వెళ్ళకూడదు, అది చట్టమే. ఆటోమేటిక్ గేర్ అని బుకింగ్‌లోనే రాయించుకోండి. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, నడిపేది రోడ్డు కుడివైపున. కుడిచేత్తో గేర్లు మార్చడం కూడా అదే రోజు నేర్చుకోవడం ఎందుకు? పిల్లల ఎత్తు 135 సెంటీమీటర్ల లోపు ఉంటే చైల్డ్ సీటు తప్పనిసరి. ఐదుగురు, ఐదు పెద్ద పెట్టెలు అంటే చిన్న ఎస్‌యూవీ డిక్కీ పట్టదు. మనిషికి ఒక క్యాబిన్ సంచి, అందరికీ కలిపి రెండు పెట్టెలు అని ఇంట్లోనే గట్టిగా చెప్పండి.

బీమా దగ్గర రెండు మాటలు వెతకండి: కంకర దెబ్బకు, ఇసుక-బూడిద దెబ్బకు. కంకర లేచి అద్దం పగలడం అక్కడ మామూలే. ఇసుక గాలి పెయింట్‌ను గీకేస్తుంది. గాలికి తలుపు వెనక్కి విరిగితే మాత్రం చాలా బీమాలు పైసా ఇవ్వవు. అందుకే తర్వాతి దశ అన్నిటికంటే ముఖ్యం.

4. గాలిని లెక్కగట్టడం నేర్చుకోండి

మనం సముద్రం పక్కన పుట్టాం, గాలీ వానా మనకు కొత్త కాదు అనే ధీమా మనవాళ్ళలో ఉంటుంది. ఆ ధీమా ఇక్కడ పనికొస్తుంది, కానీ లెక్క మార్చుకోవాలి. అక్కడి వాతావరణ శాఖ గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లు అని చెబుతుంది. తెర మీద 20 అని చూసి ‘ఇరవయ్యేగా’ అనుకోకండి. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు 72 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి 90 నుంచి 100 కిలోమీటర్లు. వాళ్ళ లెక్కలో అది 25 నుంచి 28. నెల్లూరులో ఆ రోజుల్లో మీరెలా ఉన్నారో గుర్తు తెచ్చుకుంటే, తెర మీద 25 కనబడినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. గదిలో ఉండి పప్పన్నం వండుకోవాలి.

నా లెక్క ఇది. 10 లోపు నిశ్చింతగా తిరగండి. 15 దాటితే క్యాంపర్ వ్యాన్, ఎత్తైన బండి కదపొద్దు. 20 దాటితే ఏ కారూ వద్దు, హోటల్ వాడికి ఫోన్ చేసి ఒక రోజు వాయిదా అడగండి. సగటు గాలి కంటే విసురు గాలే ప్రమాదం. కొండ వారగా రోడ్డు వెళ్ళే చోట్ల అది ఒక్కసారిగా పక్కనుంచి కొడుతుంది. రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ బోర్డుల మీద ముందున్న ప్రాంతంలో గాలి ఎంతో చూపిస్తారు, వాటిని చదవడం ముందు సీట్లో కూర్చున్నవాళ్ళ డ్యూటీ. పొద్దున కాఫీ తాగేటప్పుడే మూడు చూడండి: వాతావరణ శాఖ వేదుర్ గాలి మ్యాపు, రోడ్ల పరిస్థితి చెప్పే ఉమ్‌ఫెర్దిన్ సైట్, సేఫ్‌ట్రావెల్ హెచ్చరికలు. అత్యవసర నంబరు 112, దానికో యాప్ కూడా ఉంది.

ఇప్పుడు తలుపు సంగతి. కారు ఆపేటప్పుడు ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా పెట్టండి. అప్పుడు తలుపు తెరిస్తే గాలి దాన్ని మూసేస్తుంది గానీ విరవదు. ఒక చేత్తో లోపలి పిడి, ఇంకో చేత్తో తలుపు అంచు పట్టుకుని జానెడు తెరిచి, గాలి తగ్గాక దిగాలి. ఒకేసారి రెండు వైపుల తలుపులు తీయకూడదు, లోపలి కాగితాలు, టోపీలు అన్నీ అట్లాంటిక్‌కు సమర్పయామి. పిల్లల తలుపు పెద్దవాళ్ళే తీయాలి. ఈ ఒక్క నియమం మీద మాత్రం ఇంట్లో ఎవరికీ మినహాయింపు లేదు, అత్తగారికి కూడా.

5. మొదటి సాయంత్రం

చెన్నై నుంచి గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో కెఫ్లావిక్ విమానాశ్రయం చేరేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. ఆ రోజు నలభై, యాభై కిలోమీటర్లకు మించి నడపకండి. కారు తీసుకున్నాక పార్కింగ్‌లోనే రెండు చుట్లు తిరిగి, వైపర్లు, లైట్లు, వెనక అద్దం వేడి చేసే మీట ఎక్కడున్నాయో చూసుకోండి. కారు నలువైపులా వీడియో తీయండి, ముందు అద్దం మీద చుక్కంత గీత కూడా వదలకండి.

రోడ్డు నియమాలు కొన్ని మనకు కొత్త. లైట్లు పగలూ రాత్రీ వేసే ఉంచాలి. తారు రోడ్డు మీద 90, కంకర మీద 80, ఊళ్ళో 50. కెమెరాలున్నాయి, జరిమానా కారు కంపెనీ ద్వారా మీ కార్డుకే వస్తుంది. రెండు లేన్ల రౌండబౌట్‌లో లోపలి లేన్ వాడికే ముందు హక్కు, బయటి లేన్ వాడు ఆగాలి. ఒకే బండి పట్టే వంతెనలు దారిలో తగులుతాయి, ఎవరు ముందు చేరువైతే వాళ్ళు వెళ్తారు. అయినా ఎదుటివాడు ఆగేదాకా మీరు ఎక్కకండి. ఫొటో బాగుందని రోడ్డు వార ఆపడం అక్కడ పెద్ద తప్పు. రోడ్డుకు మార్జిన్ ఉండదు, వెనక వచ్చేవాడు 90లో ఉంటాడు. హారన్ మర్చిపోండి.

గొర్రెలు మాత్రం మనకు అలవాటైన విషయమే. వేసవిలో వాటిని కొండల మీదికి వదిలేస్తారు. తల్లి రోడ్డుకు ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే కారు దగ్గరికి రాగానే పిల్ల తల్లి వైపు పరుగెత్తుతుంది. వేగం బాగా తగ్గించాలి. నెల్లూరు జొడిపి గొర్రెను చూసిన కళ్ళకు ఉన్ని దట్టంగా పట్టిన అక్కడి గొర్రె దుప్పటి కప్పుకుని తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

6. రూటు: వెళ్ళేటప్పుడు

రెండో రోజు పొద్దున రెయ్‌క్యావిక్ వదిలితే సెల్‌ఫోస్ ఊళ్ళో సరుకులు కొనుక్కోవచ్చు. బోనస్, క్రోనన్ అనే సూపర్‌మార్కెట్లు అక్కడ చవక. తర్వాత సెల్యాలాండ్స్‌ఫోస్ జలపాతం. నీటి వెనక నుంచి నడిచి రావచ్చు, తడవడం ఖాయం, రాళ్ళు జారుతాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ముందు నుంచి చూస్తే చాలు. అరగంట దూరంలో స్కోగాఫోస్, 60 మీటర్ల ఎత్తు. దీని కింద చదునుగా ఉంటుంది, వీల్‌చెయిర్ అవసరమైన వాళ్ళు కూడా చాలా దగ్గరికి వెళ్ళగలరు. పక్కన ఐదు వందల పైచిలుకు మెట్లున్నాయి, పిల్లల్ని వదలండి.

చాలాచోట్ల పార్కింగ్ రుసుము ఉంది. గేటూ ఉండదు, చీటీ చింపే మనిషీ ఉండడు. కెమెరా నంబర్ ప్లేటు చదువుకుంటుంది. ఎవరూ అడగలేదు కదా అని వచ్చేస్తే నెల తర్వాత అదనపు చార్జీతో మీ కార్డుకు బిల్లు తగులుతుంది. రుసుము కట్టే పార్కా యాప్‌లో కారు నంబరు ముందే ఎక్కించుకుంటే రెండు నొక్కుల పని.

స్కోగాఫోస్ దాటాక సోల్‌హెయిమాయోకుల్. మొదటి హిమానీనదం ఇదే. పార్కింగ్ నుంచి పావుగంట నడిస్తే దాని మూతి ఎదురుగా నిలబడతారు. తెల్లగా ఉంటుందని ఊహించుకున్నవాళ్ళకు మొదట నిరాశే. బొగ్గు పొడి చల్లినట్టు నల్లగా, మసిగా ఉంటుంది. ఆ నలుపంతా అగ్నిపర్వతాల బూడిద, ఏళ్ళ తరబడి మంచు పొరల మధ్య ఇరుక్కున్నది, కరిగేకొద్దీ పైకి తేలుతుంది. దగ్గరికి పోయి చీలికలోకి చూస్తే అసలు రంగు లోపల ఉంటుంది, నీలం. ఒత్తిడికి గాలి బుడగలు బయటికి పోయి గట్టిపడ్డ మంచు ఎరుపు కాంతిని మింగేసి నీలాన్ని వదులుతుంది. మూతి ముందు ఇప్పుడు ఒక చెరువు ఉంది. దగ్గర్లోని బడి పిల్లలు 2010 నుంచి ఏటా వచ్చి హిమానీనదం ఎంత వెనక్కి పోయిందో కొలుస్తున్నారు. వాళ్ళు మొదలుపెట్టినప్పుడు ఈ చెరువు లేదు.

రాత్రికి విక్. చిన్న ఊరు, కొండ మీద ఎర్ర కప్పు చర్చి. ఫొటోల్లో అందరూ దాన్ని చూస్తారు గానీ అదెందుకు ముఖ్యమో తక్కువ మందికి తెలుసు. వెనక ఉన్న మంచు కప్పు కింద కత్లా అగ్నిపర్వతం ఉంది, 1918లో పెద్దగా పేలింది. మళ్ళీ పేలితే మంచు కరిగి వరద ముంచెత్తుతుంది, అప్పుడు ఊరి జనం ఎక్కాల్సిన ఎత్తైన చోటు ఆ చర్చి. మన తీరంలో తుపాను షెల్టర్ లాంటిదే. మీ ఫోనుకు అలాంటి హెచ్చరిక మెసేజ్ వస్తే సామాన్లు సర్దకుండా అక్కడికి నడవండి.

7. రెయ్నిస్‌ఫ్యారా దగ్గర సముద్రానికి దూరంగా ఉండండి

ఈ ఒక్క తీరానికి విడిగా ఒక దశ పెట్టడానికి కారణం ఉంది. విక్ పక్కనే నల్ల ఇసుక, పలకలు పలకలుగా నిలబడ్డ రాతి స్తంభాలు. మైపాడులోనో కొత్తపట్నంలోనో చిన్నప్పటి నుంచి అలల్లో ఆడినవాళ్ళం కాబట్టి పాదాలు తడుపుకుందామని కాళ్ళు లాగుతాయి. మన దగ్గర అల ఎక్కడి దాకా వస్తుందో ఇసుక తడి చూసి చెప్పేయొచ్చు. ఇక్కడ ఆ గుర్తు పనిచేయదు. పది అలలు బుద్ధిగా వస్తాయి, పదకొండోది వాటికి రెండింతల దూరం ఎగబాకి మనిషిని పడగొట్టి లాక్కుపోతుంది. ఒడ్డు దిగగానే లోతు, నీళ్ళు గడ్డకట్టేంత చలి, ఈత వచ్చినా నిమిషాల్లో చేతులు ఆడవు. 2025 ఆగస్టులో ఒక చిన్నపిల్ల ఇలాగే పోయింది.

పార్కింగ్ దగ్గర హెచ్చరిక దీపాలుంటాయి. ఎరుపు వెలిగితే తీరంలోకి దిగొద్దు, ఎత్తు నుంచే చూడండి. పసుపైనా సరే, నీళ్ళకు కనీసం ముప్పై నలభై మీటర్ల ఇవతలే ఉండండి. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ వద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. స్తంభాల కింద గుహలోకి వెళ్తే అల వచ్చినప్పుడు పారిపోయే దారి ఉండదు. తీరం చూడాలన్న తృప్తి కోసం పక్కనే ఉన్న డిర్హోలేయ్ కొండ ఎక్కండి. కారు పైదాకా పోతుంది, అక్కడి నుంచి ఆ నల్ల తీరమంతా కనిపిస్తుంది, వేసవిలో పఫిన్ పిట్టలు కూడా. గూళ్ళు పెట్టే సమయంలో కొన్నిసార్లు దారి మూసేస్తారు.

8. ఇసుక మైదానం, మంచు మీద నడక

విక్ తర్వాత ఊళ్ళు పలచబడతాయి. అక్కడే ట్యాంకు నింపి, అందరినీ టాయిలెట్‌కు పంపి బయల్దేరండి. కాసేపటికి రోడ్డుకు రెండు పక్కలా మెత్తటి నాచు కప్పిన లావా మైదానం వస్తుంది. 1783లో లాకి అగ్నిపర్వతం పేలుడులో పారిన లావా అది, ఆ తర్వాతి కరువులో ఆ దేశ జనాభాలో ఐదో వంతు చచ్చిపోయారు. ఆ నాచు మీద అడుగు వేస్తే మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి వేసిన బాటలోనే నడవాలి.

స్కాఫ్తాఫెల్ అనే చోటికి ముందు రోడ్డు నల్లటి ఇసుక మైదానం దాటుతుంది. 1974లో ఈ ముక్క మీద వంతెనలు కట్టాకే రింగ్ రోడ్డు పూర్తయింది. 1996లో పైనున్న వత్నాయోకుల్ మంచు కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీళ్ళు నవంబరులో ఇళ్ళంత మంచు దిమ్మలతో సహా వచ్చి వంతెనల్ని ఊడ్చేశాయి. మెలితిరిగిన ఇనుప దూలాలు రెండు రోడ్డు పక్కనే ఉంచారు. పెన్నా వరదకు గట్లు తెగడం చూసినవాళ్ళయినా సరే, అక్కడ కారు దిగి ఆ ఇనుము మీద చెయ్యి పెట్టి చూడండి. వత్నాయోకుల్ వైశాల్యం సుమారు 7,700 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి నుంచి హోఫ్న్ దాకా మీరు చూసే హిమానీనదాలన్నీ దాని అంచు నుంచి కిందికి దిగిన నాలుకలే.

మంచు మీద నడక ఇక్కడే పెట్టుకోండి. గైడ్ లేకుండా అడుగు పెట్టకూడదు. పైన గట్టిగా కనిపించే చోట కింద చీలిక ఉండొచ్చు. కంపెనీని బట్టి పిల్లలకు ఎనిమిదో పదో ఏళ్ళు నిండాలంటారు, బుక్ చేసే ముందు చూసుకోండి. చీలమండ దాటే బూట్లు తప్పనిసరి, లేకుంటే అద్దెకిస్తారు. బూటు కింద ఇనుప ముళ్ళ పట్టీ కడతారు. దానితో నడక ఎలా ఉండాలంటే, పాదాలు జానెడు ఎడంగా, అరికాలు మొత్తం ఒకేసారి నొక్కి పెట్టాలి. మడమ మీదో వేళ్ళ మీదో నడిస్తే ముళ్ళు పట్టవు. ప్యాంటు కాళ్ళు వదులుగా ఉంటే ముల్లు చిక్కుకుని పడతారు, సాక్సులోకి దోపండి. మూడు గంటల నడక అరవై దాటిన ఆరోగ్యవంతులు కూడా చేయగలరు. గుండె, మోకాలు సమస్యలున్నవాళ్ళు మాత్రం స్కాఫ్తాఫెల్ సందర్శక కేంద్రం నుంచి హిమానీనదం మూతి దాకా ఉన్న చదును బాటలో నడిచి రావచ్చు. వేసవిలో ఎవరైనా మంచు గుహ చూపిస్తామంటే ఒప్పుకోకండి. 2024 ఆగస్టులో బ్రెయిదామెర్కుర్‌యోకుల్ అనే హిమానీనదం మీద మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడు, వేసవి వేడికి ఆ మంచును నమ్మలేం.

బట్టల మాట ఇక్కడే చెప్పాలి. ఒంటికి తగిలేది నూలు కాకూడదు. తడిస్తే ఆరదు, చలి లోపలికి దిగుతుంది. లోపల ఉన్ని లేదా థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ నీళ్ళూ చొరని జాకెట్టు, ప్యాంటు. నెల్లూరులో చలికాలం రోడ్డు పక్కన దొరికే స్వెట్టర్లు ఆ గాలికి ఆగవు. చెన్నై డెకాథ్లాన్‌లో ఒకసారి అందరికీ కొనేయండి. గొడుగు తీసుకెళ్ళొద్దు, ఒక్క నిమిషంలో తిరగబడుతుంది.

9. మంచు దిమ్మల చెరువు, చివర హోఫ్న్

స్కాఫ్తాఫెల్ నుంచి గంట లోపే యోకుల్సార్లోన్. హిమానీనదం నుంచి విరిగిపడ్డ దిమ్మలు చెరువులో తేలుతూ, సన్నటి కాలువ గుండా సముద్రంలోకి జారుతుంటాయి. 1930ల దాకా ఇక్కడ చెరువే లేదు. ఇప్పుడు దేశంలోకెల్లా లోతైన సరస్సుల్లో ఒకటి, లోతు 240 మీటర్ల పైనే. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు లోపలికి వస్తాయి, వాటి వెంట చేపలు, చేపల వెంట సీల్ జంతువులు. మన పులికాట్ ముఖద్వారం దగ్గర పోటూ పాటూ చూసినవాళ్ళు ఆ వంతెన కింద నీళ్ళు ఎటు పోతున్నాయో ఇట్టే చెప్పగలరు. నీళ్ళు బయటికి లాగుతున్నప్పుడు చూస్తే దిమ్మలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కదులుతాయి.

చక్రాలున్న పడవ పెద్దలకు సుఖం, ఒడ్డున ఎక్కి అలాగే నీళ్ళలోకి దిగిపోతుంది. రబ్బరు పడవ హిమానీనదం గోడకు దగ్గరగా తీసుకెళ్తుంది కానీ ఎగుడుదిగుడు ఎక్కువ. రెండూ వేసవిలో ముందే బుక్ చేసుకోవాలి. ఒడ్డుకు ఆనుకున్న దిమ్మల మీదికి పిల్లల్ని ఎక్కించకండి, అవి తలకిందులవుతాయి. రోడ్డు అవతల డైమండ్ బీచ్ మీద గాజు ముక్కల్లా మంచు పడి ఉంటుంది, కొన్ని రోజులు అసలేమీ ఉండదు. అక్కడా అలల జాగ్రత్త అదే. జనం గోల వద్దనుకుంటే పది కిలోమీటర్ల ఇవతల ఫ్యాల్‌సార్లోన్ అని ఇంకో చెరువుంది. నన్నడిగితే పెద్దవాళ్ళను కూర్చోబెట్టడానికి అదే మంచి చోటు.

అక్కడి నుంచి 80 కిలోమీటర్లు హోఫ్న్. చేపల రేవు. ఈ ఊరికి పేరు తెచ్చింది హుమార్, చిన్న ఎండ్రరొయ్య లాంటిది. నిల్వలు పడిపోయాయని 2022లో అక్కడి నీళ్ళలో దాని వేట ఆపేశారు, కాబట్టి హోటల్లో వచ్చేది ఎక్కడిదో అడిగి తినండి. రొయ్యల చెరువులున్న ఊరివాళ్ళకు ఆ సంభాషణే ఒక గంట కాలక్షేపం. రేవు ఒడ్డున నిలబడితే ఆకాశం తేటగా ఉన్నప్పుడు ఒకేసారి నాలుగైదు హిమానీనద నాలుకలు కనిపిస్తాయి.

10. తిండి, స్నానం

వంటగది ఉన్న గెస్ట్‌హౌసులు తీసుకోండి, హోటల్ బిల్లు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. మనిషికి మూడు కేజీల లోపు తిండి పదార్థాలు సుంకం లేకుండా తీసుకెళ్ళొచ్చు. మాంసం, పాల పదార్థాలు మాత్రం ఏ రకమైనా వద్దు. కందిపొడి, గోంగూర, చింతపండు, కారం, చిన్న కరెంటు కుక్కర్ ఉంటే చాలు. మన మూడు పిన్నుల ప్లగ్‌కు అడాప్టర్ కావాలి. అక్కడి స్కీర్ చిక్కటి పెరుగులా ఉంటుంది, తీపి కలపని రకం చూసి తీసుకోండి. మజ్జిగన్నానికైతే ఏబీ మ్యోల్క్ అనే డబ్బా ఇంకా దగ్గర. చేపల పులుసు పెట్టాలనుకుంటే కాడ్ చేప ముక్క ఉడకగానే పొరలు పొరలుగా విడిపోతుంది. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక, చివరి ఐదు నిమిషాలకే ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పండి. ఆర్కిటిక్ చార్ చేప అయితే కొవ్వు ఉంటుంది, మనకు అలవాటైన రుచికి దగ్గరగా నిలబడుతుంది. పోపు పెట్టేటప్పుడు కిటికీ తీయండి, లేకుంటే పొగ అలారం ఊరందరినీ లేపుతుంది.

కొళాయిలో చల్లనీళ్ళు నేరుగా తాగొచ్చు, సీసాలు కొనడం దండగ. కొన్నిచోట్ల వేడినీళ్ళకు కోడిగుడ్డు వాసన వస్తుంది, గంధకం వల్ల, ఒంటికేం కాదు. సాయంత్రం ఊరి స్విమ్మింగ్ పూల్‌కు వెళ్ళండి. విక్‌లో, హోఫ్న్‌లో ఉన్నాయి, వేడినీళ్ళ తొట్లుంటాయి, రోజంతా నడిచిన కాళ్ళకు దాన్ని మించింది లేదు. లోపలికి దిగే ముందు ఈత దుస్తులు లేకుండా సబ్బుతో స్నానం చేయాలనే నియమం మనవాళ్ళకు ఇబ్బంది. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు గదులు వేరే, కొన్నిచోట్ల తెర ఉన్న షవర్ కూడా ఉంటుంది. ముందే ఇంట్లో చెప్పి ఉంచితే అక్కడ గొడవ ఉండదు.

11. వెనక్కి

హోఫ్న్ నుంచి రెయ్‌క్యావిక్ ఒక్క రోజులో కొట్టొచ్చు గానీ మధ్యలో ఒక రాత్రి ఆగండి. వెళ్ళేటప్పుడు గాలికి వదిలేసిన చోట్ల పేర్లు రాసుకుని ఉంటే అవన్నీ ఇప్పుడు చూడొచ్చు. విమానం పొద్దున అయితే ముందు రోజు సాయంత్రానికే కెఫ్లావిక్ వైపు చేరండి. పక్కనున్న గ్రిందవిక్ ప్రాంతంలో 2023 నుంచి అగ్నిపర్వతం తరచూ పేలుతోంది, ఆ దారుల సమాచారం ఆ రోజు చూసుకోండి.

కారు అప్పగించే ముందు ట్యాంకు నింపి, బంకులోనే ఉచితంగా ఉండే నీళ్ళ బ్రష్‌తో మట్టి కడిగేయండి. బురద కింద కొత్త గీత ఉందేమో మీరే ముందు చూడాలి. ఇంధనం ముల్లు, కిలోమీటర్ల మీటరు, నాలుగు పక్కలూ ఫొటో తీసి, బంకు రసీదు కూడా ఉంచుకోండి. డిపాజిట్ వెనక్కి రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా ఆ ఫొటోలు ఫోన్లోంచి తీసేయకండి.